జవాబు ఎవరిది? షామీర్‌పేట చెరువు దాకా నాలుగు రోజులు

ముందే చెప్పుకుంటే మంచిది, నేను పిరికిదాన్ని. రైలెక్కితే టికెట్ పోయిందేమోనని గోదావరి వంతెన దాటేలోపు మూడుసార్లు పర్సు తెరిచి చూసుకుంటాను. కాలేజీలో భూగోళశాస్త్రం చెబుతాను. ప్రపంచమంతా పటం మీద కర్రతో చూపిస్తాను గానీ, ఏలూరు దాటితే వెనక్కి వెళ్ళే రైలు ఎప్పుడో కనుక్కుంటాను. అలాంటి నన్ను రెండువేల నాలుగులో, చలి వెళ్ళిపోయి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, మా ప్రిన్సిపాల్‌గారు హైదరాబాదు ఉత్తరపు శివార్లకు పంపించారు. అటు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా భయం చూసి నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

పని ఇదీ. మా గోదావరి ఒడ్డు పట్నానికి విదేశీ విద్యార్థులను రప్పించాలని మా కాలేజీకి కోరిక పుట్టింది. పట్నానికి పేరొస్తుందని మునిసిపాలిటీ వాళ్ళూ సై అన్నారు. వచ్చిన పిల్లలు ఎక్కడుండాలన్న దగ్గర బండి ఆగింది. హాస్టల్ కట్టడానికి స్థలం లేదు. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు శివారు మునిసిపాలిటీలతో, పంచాయతీలతో ఒప్పందం చేసుకుని విదేశీ పిల్లల్ని అక్కడి కుటుంబాల ఇళ్ళలోనే ఉంచుతున్నారని ఎవరో చెప్పారు. "వెళ్ళి చూసి రండి సుభద్రగారూ. మనకూ కుదురుతుందో లేదో రాసుకు రండి" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. చూడ్డమే కదా అనుకుని బయల్దేరాను.

అల్వాల్

అల్వాల్‌లో దూరపు చుట్టాలింట్లో దిగాను. కంటోన్మెంటు పక్కన పాత ఇళ్ళు, చిన్న చిన్న కొట్లు, బడి వదిలినప్పుడు వీధినిండా నీలం గౌన్లు. సికింద్రాబాదు వెళ్ళే లోకల్ రైలు కూత వినబడితే ఇక్కడివాళ్ళు గడియారం సరిచేసుకోరు, ఇవాళ ఎంత ఆలస్యమో చూసి నవ్వుకుంటారు. స్టేషను బయట ఇరానీ హోటల్లో టీ మూడు రూపాయలు. మా వైపు టీ గ్లాసులో పొంగుతూ వస్తుంది. ఇక్కడ కప్పూ సాసరూ, పైన మీగడ. పక్క బల్ల దగ్గర పెద్దాయన టీ సాసర్లో పోసుకుని తాగుతూ నా వైపు చూశారు. నేనూ పోసుకున్నాను. చీర మీద పడింది.

పదకొండింటికి మునిసిపల్ ఆఫీసు మేడ మీద సమావేశం. విశ్వవిద్యాలయం తరఫున ఈ పథకం చూసే ప్రొఫెసర్‌గారు, మునిసిపాలిటీ అధికారి ఒకాయన, పోలీసు ఎస్సై ఒకాయన ఉన్నారు. గోడ మీద ఫోటోలు వరసగా పెట్టారు. కొరియా పిల్లలకు బొట్టు పెడుతున్నవి, సూడాన్ కుర్రాడు బోనం ఎత్తుకున్నది, ఇళ్ళ యజమానులకు శాలువాలు కప్పుతున్నవి. చూస్తుంటే నాకే ముచ్చటేసింది. మా పట్నంలోనూ ఇలా ఒక గోడ పెట్టొచ్చు అనుకున్నాను.

తర్వాత ప్రశ్నలు అడిగాను. పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఇంటివాళ్ళు చూస్తారన్నారు ప్రొఫెసర్‌గారు. ఇంటివాళ్ళు కాదంటే? పంచాయతీ మాట్లాడుతుందన్నారు మునిసిపాలిటీ ఆయన. పంచాయతీ కాదంటే? ఎస్సైగారు టోపీ సర్దుకున్నారు. నాకు అర్థమైంది ఏమంటే, చదువు విశ్వవిద్యాలయానిది, రోడ్డు మునిసిపాలిటీది, కాగితం పోలీసులది, మనిషి మాత్రం ఎవరిదీ కాదు. ఈ ముక్క నోట్‌బుక్కులో రాసుకుని, ఎవరైనా చూస్తారేమోనని కొట్టేశాను.

లేవబోతుంటే ప్రొఫెసర్‌గారు ఆపారు. టాంజానియా నుంచి వచ్చిన రెహెమా అనే అమ్మాయి చెరువుల మీద పరిశోధన చేస్తోందట. ఉంటున్న ఇల్లు ఖాళీ చేయమన్నారట. సోమవారంలోగా కొత్త ఇంటి యజమాని చేత పూచీ కాగితం రాయించి పోలీసులకు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ పథకంలోంచి పేరు కొట్టేసి ఆమెను వెనక్కి పంపేస్తారు. ఈ పని చూసే మేడంకి ఒంట్లో బాగాలేదు. "మీరెలాగూ ఊళ్ళు చూడ్డానికే వచ్చారు కదా, ఆమెను వెంట తీసుకెళ్ళండి. ఆడమనిషి తోడుంటే ఇళ్ళవాళ్ళు నమ్ముతారు" అన్నారు. కుదరదండీ అని చెప్పడానికి నోరు తెరిచాను. సరేనండీ అని వచ్చింది. ఆ రోజు శుక్రవారం.

జవహర్‌నగర్

శనివారం పొద్దున్నే జవహర్‌నగర్ వెళ్ళాను. సెవెన్ సీటర్ ఆటోలో పదకొండుమందిమి కూర్చున్నాం. నగరం చెత్తంతా తెచ్చి పోసే చోటు ఇది. ఊరు కనబడకముందే వాసన వస్తుంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే పక్కనున్న ఆవిడ, "కొత్తనా? మూడొద్దులల్ల అలవాటైతది" అంది. కూలికి వెళ్ళేవాళ్ళు, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, కాస్త అవతల ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, అందరూ ఆ వాసనలోనే టిఫిన్లు తింటున్నారు.

రెహెమా గేటు దగ్గర ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. నాకంటే జానెడు పొడుగు. జుట్టు సన్నటి జడలుగా అల్లుకుంది. నేను ఇంగ్లీషులో వాక్యం కూర్చుకుని వెళ్ళేసరికి ఆ పిల్లే అంది: "గిట్ల రా మేడం, ఎండల నిలవడకు."

ఏడాదిగా ఆ గల్లీలో నేర్చిన తెలుగు అది. నా గోదావరి మాట అక్కడ ఆటోవాడికి సగం అర్థం కాలేదు. ఆమెది మొత్తం అర్థమైంది. ఇద్దరిలో విదేశీ ఎవరో నాకే అనుమానం వచ్చింది.

ఇంటి యజమానురాలు కళ్ళొత్తుకుంటూ బయటికొచ్చింది. "పిల్ల బంగారం మేడం. మా పిల్లలకు లెక్కలు జెప్తది. కానీ మొన్న పోలీసాయన కాయితం జూస్తనని ఒచ్చిండు. గా దినం సంది గల్లీ గల్లీ అడుగుతాంది, ఏమైంది, ఏం జేసిన్రు అని. మా ఆయన ఫ్యాక్టరీల గూడ అడిగిన్రట. మాకు భయమైతాంది." ఆ పోలీసు వచ్చింది తనిఖీ కోసం మాత్రమే. ఒప్పందంలో రాసినదే అది. పిల్లల భద్రత కోసం పెట్టిన తనిఖీ పిల్లని వీధిలో కూర్చోబెట్టింది. నేను ఆవిడకి ధైర్యం చెప్పాల్సింది. చెప్పలేకపోయాను, ఎందుకంటే మా గుమ్మంలోకి పోలీసు వస్తే నేనూ అంతే చేస్తాను.

రెహెమా సామాను విశ్వవిద్యాలయం అతిథి గదిలో పడేశాం. సోమవారం దాకా అక్కడ ఉండనిస్తారు.

మేడ్చల్

ప్రొఫెసర్‌గారు ఇచ్చిన చీటీలో మొదటి ఇల్లు మేడ్చల్‌లో ఉంది. బస్సులో కిటికీ పక్కన రెహెమా, ఆమె పక్కన నేను. ఒకడు వెనక్కి తిరిగి కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా మెడ తిప్పకుండా చూశాడు. నాకు చెమటలు పట్టాయి. రెహెమా అతనికి చేయి ఊపింది. అతను సిగ్గుపడి ముందుకు తిరిగాడు. దారి పొడవునా పొలాల్లో తెల్లటి హద్దు రాళ్ళు, ప్లాట్ల బోర్డులు. ఒక వెంచరు గేటు మీద సింహాలు కూడా పెట్టారు, గేటు వెనక మాత్రం జొన్న చేను.

ఆ ఇంటాయన రిటైరైన గుమస్తా. అల్వాల్ గోడ మీద శాలువా కప్పించుకున్న ఫోటోలో ఉన్నది ఈయనే. మమ్మల్ని చూడగానే లోపలికి పిలిచి, సకినాలు పెట్టించారు. మా జంతికల కన్నా గట్టివి, నువ్వులు తగులుతుంటాయి, బాగున్నాయి. నాలుగోది తింటుండగా కాగితం తీశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఫోటో దిగేటప్పుడు సంతకం ముచ్చట చెప్పలే మేడం."

"మామూలు కాగితమేనండీ. పూచీ అని ఒక్క మాట."

"ఒక్క మాటనే. గదే పెద్ద మాట. మా కోడలు నిండుమనిషి. ఇగ ఏమనుకోకుండ్రి."

రెహెమా ఆయనకు దండం పెట్టి లేచింది. బయటికొచ్చాక మిరపకాయ బజ్జీలు తిందామంది. ఆకలిగా ఉందా అని అడిగితే, "లేదు మేడం, మస్తు పరేషాన్ ఉన్న. పరేషాన్‌లో కారం మంచిగనిపిస్తది" అంది. బండి దగ్గర నిలబడి తిన్నాం. తింటూ తన సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న పెద్ద సరస్సు ఒడ్డున పడవలు బాగుచేస్తాడట. చెరువుల మీద పరిశోధన పూర్తి చేసి వెళ్తే వాళ్ళ ఊరి కాలేజీలోనే ఉద్యోగం ఉంది. మధ్యలో వెళ్తే లేదు. ఇదంతా మామూలు గొంతుతో చెప్పింది. బజ్జీ మాత్రం సగమే తింది.

నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. చూసి రావడానికి వచ్చినదాన్ని, ఇందులో ఎందుకు ఇరుక్కున్నానురా దేవుడా అనుకున్నాను. ఇక చీటీలో మిగిలింది ఒక్క ఊరే.

చెరువుకట్ట

ఆదివారం షామీర్‌పేట దగ్గర బస్సు దిగి, చెరువు పక్కనున్న ఆ ఊరికి నడిచాం. పేరు రాయను, నా రాతల వల్ల ఆ ఊరు మళ్ళీ ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన పని పడకూడదు. మా గోదావరిని చూసిన కళ్ళకి చెరువు అంటే చిన్నచూపు ఉంటుంది. ఇది చూశాక మానుకున్నాను. నీళ్ళు అటు కొండ మొదలు దాకా పరుచుకుని ఉన్నాయి.

ఊళ్ళోకి అడుగుపెట్టిన నిమిషానికే ఏదో తేడాగా అనిపించింది. బోరింగు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, నిండని బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. అరుగు మీద చింతపండు ఒలుస్తున్న ఆవిడ చేట తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆడుకుంటున్న పిల్లల్ని రెక్క పట్టి లాక్కుపోయారు. మేం నడుస్తున్న కొద్దీ తలుపులు మూసుకుంటున్నాయి. పట్టపగలు, పదిన్నర. నమస్కారమండీ అన్నాను ఒకాయనతో. ఆయన అటు తిరిగి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైంది మేడం?" అంది రెహెమా. మొదటిసారి ఆ పిల్ల గొంతులో భయం విన్నాను. అది వినగానే నా ధైర్యం, ఉన్న కాస్తా, పోయింది.

పంచాయతీ ఆఫీసు తాళం వేసి ఉంది. కట్ట మీదికి వెళ్తే ఎవరైనా కనిపిస్తారని అటు నడిచాం. కట్ట సగం దూరం వెళ్ళాక వెనక్కి చూశాను. నలుగురు మగాళ్ళు. నలుగురి చేతుల్లోనూ కర్రలు. మేం ఆగితే ఆగారు. నడిస్తే నడిచారు. ఒకడు కర్రతో తుప్పలు కొడుతున్నాడు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క నిలువునా దిగిపోయే రాళ్ళు. ఇంట్లో మా ఆయనకి ఏ ఊరు వెళ్తున్నానో కూడా సరిగా చెప్పలేదని గుర్తొచ్చింది. రేపు పేపర్లో ఎలా వేస్తారో కూడా ఊహించుకున్నాను.

"పరుగెత్తు" అన్నాను.

పరుగెత్తాం. వెనకాల వాళ్ళూ పరుగెత్తారు. "ఓ మేడం! ఉరుకకుండ్రి! ఓ మేడం!" అని అరుపులు. అరుపులు విన్నకొద్దీ ఇంకా పరుగెత్తాను. యాభై గజాలు కూడా వెళ్ళానో లేదో, చెప్పు తెగింది. బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, చేతిసంచిలోని కాగితాలన్నీ కట్ట మీద చెల్లాచెదురయ్యాయి. రెహెమా నా ముందు నిలబడి రెండు చేతులూ చాపింది. నేను కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి నలుగురూ కర్రలు కింద పడేసి కాగితాలు ఏరుతున్నారు. వాళ్ళలో చిన్నవాడు ఏడుపు ముఖం పెట్టాడు. "నెత్తురొస్తాంది. అయిపాయె. ఇగ జవాబు మనదే" అన్నాడు పక్కవాడితో.

డప్పు చెప్పిన మాట

వాళ్ళలో ఇద్దరు నన్ను చెరో రెక్కా పట్టుకుని సర్పంచ్ ఇంటికి తీసుకెళ్ళారు. సర్పంచ్ ఆడమనిషి. మాట్లాడింది మాత్రం ఆవిడ భర్త జంగారెడ్డి. ఒకప్పుడు వ్యవసాయం, ఇప్పుడు ప్లాట్లు. తెల్ల అంగీ, రెండు ఫోన్లు. నా మోకాలు చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"ఎవలు గొట్టిన్రు?"

"ఎవరూ కొట్టలేదండీ. నేనే పడ్డాను."

"ఎందుకు వడ్డరు?"

"ఈ నలుగురూ కర్రలతో వెంటపడితే..."

"మీరు ఊర్లకు రాంగనే వాళ్ళను నేనే వెట్టిన మేడం! కట్ట మీద పాములుంటయి, కుక్కలుంటయి. దూరంకెల్లి జూసుకోండ్రని జెప్పిన."

అప్పుడు అసలు సంగతి బయటపడింది. నెల క్రితం విశ్వవిద్యాలయం నుంచి పంచాయతీకి ఉత్తరం వచ్చిందట. విదేశీ విద్యార్థులు మీ గ్రామానికి వస్తారు, వారి భద్రతకు గ్రామం బాధ్యత వహించవలెను, ఈ విషయం గ్రామస్తులందరికీ తెలియజేయవలెను అని. తెలియజేయడమంటే ఆ ఊళ్ళో ఒకటే పద్ధతి, డప్పు చాటింపు. జంగారెడ్డి పిలిపిస్తే డప్పు ఎల్లయ్య వచ్చాడు. తను ఆ రోజు ఏం చాటాడో నిలబడి, గొంతు సవరించుకుని, మళ్ళీ చెప్పి వినిపించాడు:

"ఇనుండ్రయ్యో ఇనుండ్రి! పరాయి దేశం పిల్లలు మనూరికి వస్తున్నరు! వాళ్ళ కాలికి ముల్లు గుచ్చినా, కడుపుల నొచ్చినా, సర్కారుకు ఊరే జవాబు జెప్పాలె! ఎవ్వలు జోలికి పోవద్దు! ఇనుండ్రయ్యో!"

ఉత్తరంలో ఉన్నది ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఊరికి అందింది. మేం వాళ్ళకి భయపడి పరుగెత్తాం, వాళ్ళు మా కాలికి ముల్లు గుచ్చుకుంటుందేమోనని భయపడి తలుపులేసుకున్నారు. నవ్వు రావాలి. నాకు రాలేదు. ఈ ఊళ్ళో ఇక ఎవరు ఇల్లిస్తారు? రేపే సోమవారం.

"నా ఇంట్ల నాలుగు గదులున్నయి" అన్నాడు జంగారెడ్డి నేల చూపులు చూస్తూ. "కానీ ఎలక్షన్లు వస్తున్నయి. ఏమన్న అయితే నా గతేంది?"

లచ్చవ్వ ఇల్లు

కట్ట మీద ఏడుపు ముఖం పెట్టిన అతని పేరు భిక్షపతి. చెరువులో చేపలు పట్టే కుటుంబం. మోకాలికి పసుపు పెట్టిస్తానని వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఆ ఒక్క ఇంటి తలుపే తీసి ఉంది. వాళ్ళమ్మ లచ్చవ్వ అరుగు మీద వల బాగుచేస్తోంది. చాటింపు వేసిన రోజు కూతురింటికి నాగారం వెళ్ళిందట. "నేను డప్పు ఇనలే. నాకేం దెలుసు?" అని నా మోకాలికి పసుపు అద్దింది.

"మీరు చాలా మంచివారండీ" అన్నాను.

"నేనొక్కదాన్నే ఉన్న. మీరు ఎవలు?" అని నవ్వింది. "అవ్వా అను, సాలు."

మధ్యాహ్నం అయింది. అన్నానికి కూర్చోమంది. జొన్న గట్క, కొర్రమట్ట పులుసు. మేం కొరమేను అనే చేపని వాళ్ళు కొర్రమట్ట అంటారు. మా పులుసులో బెల్లం ముక్క పడుతుంది. ఇక్కడ అలాంటి మొహమాటం లేదు, పులుపూ కారమూ ముఖాన కొడతాయి. గట్క అంటే జొన్న రవ్వని గట్టిగా ఉడికించిన ముద్ద. నాకు గొంతు దిగలేదు. రెహెమా మాత్రం వేళ్ళతో చిన్న ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, పులుసులో ముంచి మింగింది. వాళ్ళ దేశంలోనూ ఇలాగే మొక్కజొన్న పిండితో చేస్తారట. లచ్చవ్వ ఇంకో ముద్ద వేసింది.

వలలు పెట్టే గది ఒకటి ఖాళీగా ఉంది. నేను దాని వైపు చూడ్డం లచ్చవ్వ చూసింది. కాగితం తీశాను.

"సదువు" అంది.

చదివాను. ఈ మనిషి మా ఇంట్లో ఉంటున్నది, ఆమె మంచిచెడ్డలకు నాదే పూచీ.

"ఇంకోపారి సదువు."

మళ్ళీ చదివాను. భిక్షపతి చేయి కడుక్కోకుండానే లేచాడు. "వద్దే అమ్మా! కాయితం మీద నిశాని వద్దు! బాపు ఏసిన నిశాని సాలదా?"

లచ్చవ్వ చెప్పింది. కట్ట అవతల రెండెకరాలు ఉండేవట. కరెంటు మీటరు కోసమని చెప్పి ఎవరో వాళ్ళాయన చేత తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. మీటరు రాలేదు. ఆ భూమి చుట్టూ ఇప్పుడు కాంపౌండు గోడ ఉంది. "గా గోడ పొంటి రోజు నడుస్త. మా ఆయన సచ్చిపోయే దాంక బొటనేలు జూసుకుంటనే ఉండె."

నేను కాగితం మడిచేశాను. ఆ మాట విన్నాక ఇంకా అడిగే మొహం లేదు. రెహెమా కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. "పోదాం మేడం. నేను మా ఊరికి పోత. మీరు పరేషాన్ కాకుండ్రి" అంది. నన్ను ఓదారుస్తోంది ఆ పిల్ల.

లచ్చవ్వ నా కేసి తిరిగింది. "బిడ్డా, ఒక్క మాట అడుగుత. మీ ఊర్లె నీకు ఇల్లుందా?"

"ఉంది అవ్వా."

"ఖాళీ గదుందా?"

మేడ మీద గది ఉంది. పాత పేపర్లూ, విరిగిన కుర్చీలూ పడేసి ఉంచాం. "ఉంది" అన్నాను.

"గీ పిల్ల అసొంటి పిల్లను పెట్టుకుంటవా?"

మా పట్నంలో ఏ వీధిలో ఎన్ని ఇళ్ళు దొరుకుతాయో రైల్లోనే లెక్కేసుకున్నాను. అందులో మా ఇల్లు లేదు. లేదన్న సంగతి కూడా ఆ నిమిషం దాకా నాకు తట్టలేదు. చెవులు వేడెక్కాయి. అబద్ధం చెబుదామనుకున్నాను, ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"లేదు అవ్వా. భయం."

"దేనికి భయం?"

"ఏమైనా అయితే నన్నడుగుతారని."

"నాకు గూడ గదే భయం" అంది లచ్చవ్వ. "భయమైందని పిల్లను చెరువుల పారేస్తమా? భయపడుకుంటనే అన్నం బెడదం. కానీ కాయితాన్ని నేను నమ్మ. కాయితం ఇంట్ల ఒక తీరు సదువుతరు, ఆఫీసుల ఒక తీరు సదువుతరు. డప్పు కొట్టియ్యి. ఎవలు జవాబో ఊరందరు ఇనాలె. నా పేరు జెప్పియ్యి, దాంతోని నీ పేరు గూడ జెప్పియ్యి. తెచ్చినదానివి నువ్వే గద."

నాలుగు వాడలు

ఎల్లయ్య నా పేరడిగాడు. మా ఆయన పేరడిగాడు. ఊరడిగాడు, జిల్లా అడిగాడు, ఏం చదువు చెబుతానో అడిగాడు. ఒక్కొక్కటి చెబుతుంటే నాకు బట్టలు విప్పి ఇస్తున్నట్టే ఉంది. ప్రిన్సిపాల్‌గారిని అడగలేదు, ఇంట్లో అడగలేదు. ధైర్యం వచ్చి ఒప్పుకున్నానని అనుకోకండి. కాదనడానికీ ధైర్యం కావాలి, అదీ నా దగ్గర లేదు.

సాయంత్రం నాలుగింటికి మంట మీద డప్పు కాచి మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకే నా గుండె జారింది. "ఇనుండ్రయ్యో ఇనుండ్రి! పరాయి దేశం పిల్ల రెహెమా మన లచ్చవ్వ ఇంట్ల ఉంటాంది! తిండికి, పండుకొనుటకు లచ్చవ్వ జవాబు! కాయితాలకు, కచేరికి గోదారి జిల్లా సుభద్రమ్మ మేడం జవాబు! ఇగ ఊరికి భయం లేదు! మాట్లాడుండ్రి, మంచిగుండుండ్రి! ఇనుండ్రయ్యో!"

నాలుగు వాడల్లో నాలుగుసార్లు నా పేరు అరిచాడు. వాడ వాడకీ నేను ఎల్లయ్య వెనక నడవాలట, మనిషిని చూడాలి కదా. ముఖం ఎత్తలేకపోయాను. మూడో వాడలో తలుపు ఒకటి తెరుచుకుంది. చింతపండు ఒలిచిన ఆవిడ బయటికొచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గీమెనా జవాబు? నడువనే వస్తలేదు" అంది. ఆమె వెనకాల నుంచి పిల్లలు వచ్చారు. రెహెమా జడలు పట్టుకుని లాగారు. ఆ పిల్ల కిందికి వంగి తల అందించింది.

పంచాయతీ ఆఫీసు నుంచి భిక్షపతి సిరా డబ్బా తెచ్చాడు. లచ్చవ్వ బొటనవేలు కొంగుతో రెండుసార్లు తుడుచుకుంది. తర్వాత కాగితం మీద వేలు పెట్టింది. పెట్టాక కూడా కాగితం మీదనుంచి చూపు తిప్పలేదు. కింద నేను సంతకం చేశాను. అక్షరాలు వంకర్లు పోయాయి. బ్యాంకువాళ్ళయితే ఆ సంతకం నాది కాదంటారు.

సోమవారం పొద్దున పోలీసు ఆఫీసులో గుమస్తా ఆ కాగితం చదవనైనా చదవలేదు. ముద్ర కొట్టి ఫైల్లో పెట్టేశాడు.

మా వీధి

తిరిగొచ్చి నివేదిక రాశాను. ఒప్పందంలో విశ్వవిద్యాలయం, మునిసిపాలిటీ, పోలీసులు అని మూడు సంతకాలుంటే సరిపోదనీ, ఏమైనా అయితే ఎవరి గుమ్మానికి రావాలో వీధిలో అందరికీ తెలియాలనీ రాశాను. ప్రిన్సిపాల్‌గారు చదివి, "బాగుంది. ఇంతకీ మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళు దొరుకుతాయి?" అన్నారు.

"ప్రస్తుతానికి ఒకటండీ."

"ఎవరిది?"

"మాది. ఇంట్లో ఇంకా చెప్పలేదు" అన్నాను.

చెప్పాక మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మేడ మీది పాత పేపర్లు కిందికి దించారు. జూన్‌లో నేపాల్ నుంచి ఒక అమ్మాయి వస్తుందని తెలిసింది. మా వీధిలో డప్పు కొట్టే ఆచారం లేదు, కొట్టిస్తే నవ్వుతారు. అందుకని ఒక ఆదివారం నేనే బయల్దేరాను. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, మా మేడ మీదికి పరాయి దేశం పిల్ల వస్తోందండీ, మంచికీ చెడ్డకీ జవాబు నాది అని చెప్పాను. ఒకావిడ ఎందుకండీ మీకీ తలనొప్పి అంది. ఒకాయన టీవీ చూస్తూ తల ఊపాడు. ఏడో ఇంట్లో రిటైరైన తాసీల్దారుగారు తలుపు సగమే తీసి, గొలుసు అలాగే ఉంచి, "ఏమైనా అయితే?" అని అడిగారు.

"నన్నడగండి" అన్నాను. భయపడుతూనే అన్నాను.

ఆయన తలుపు ఒకసారి దగ్గరకు వేసి గొలుసు తీశారు.